ఒళ్ళో దాచిన రెండో వీడియో

“శాస్త్రవేత్త బతకాలి. విషం గ్లాసులో పడ్డాకే మీరు కదలాలి, ముందే కదిలితే ముఠా జారిపోతుంది.” చీఫ్ బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ డేగ మంట వేరు. విందులో విదేశీ ముఠా నాయకుడి పక్కన, వాళ్ళ మనిషిగా నటిస్తూ మెరిసిపోతున్న డబుల్ ఏజెంట్ అతని సొంత భార్య. వెయిటర్ వేషంలో ఆమె చుట్టూ తిరుగుతున్నవాడు డిపార్ట్‌మెంటు మొత్తానికి అందగాడు. కట్టుకున్నవాడికి మాత్రం హోటల్ వెనక లాండ్రీ వ్యాను.

తోడు బావమరిది. వెయిటరన్నవాడు అతిథుల చేతులవంక చూడకూడదు గనక చూపంతా అతని గుండీలోని కెమెరాది. ఆ వీడియో గాలిలో వ్యానుదాకా వచ్చేది బావమరిది రాసిన ప్రోగ్రాంతోనే. వీడియో చిన్నచిన్న ముక్కలుగా, ప్యాకెట్లుగా వస్తుంది. పాత ప్రోగ్రాం ఒక్క ప్యాకెట్ పోతే చాలు, దారి కిక్కిరిసిందని బెదిరి వేగం తగ్గించేసేదట. ఇది అలా కాదు. మిగతావి వేళకి వస్తుంటే పోయినదాన్ని గాలి మింగిందని సరిపెట్టుకుంటుంది. అన్నీ ఆలస్యమైతేనే వేగం తగ్గించి బొమ్మని మసక చేస్తుంది.

భార్య నవ్వింది. ఎందుకో గుండీకి కనిపించలేదు. ఆమె బ్రోచ్‌లో ఇంకో కెమెరా ఉంది, అత్యవసరానికి మాత్రమే. డేగ ఫోను ఒళ్ళో దాచుకుని దాన్ని ఆన్ చేశాడు. నాయకుడి పళ్ళు ఇంతింత కనిపించాయి. డేగ అసూయతో ఫోను మీదికి ఇంకా వంగాడు.

అంతలో లాప్‌టాప్ మీద బొమ్మ అలుక్కుపోయింది. నాయకుడు ఉంగరం మూత తీస్తున్నాడు, ఏ గ్లాసు మీదో తెలియడంలేదు.

డేగ నెట్‌వర్క్‌నీ హోటల్ గోడల్నీ కలిపి తిట్టాడు. బావమరిది తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

“గాలి తప్పు కాదు బావా. ప్యాకెట్లన్నీ లేటుగా వస్తున్నాయి. దారి నిజంగానే నిండింది. మన లింకు మీద ఇంకెవరో వీడియో లాగుతున్నారు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డేగ చెయ్యి ఒళ్ళోకి పోయింది. ఫోనులో నాయకుడు ఆమె చెవి దగ్గరికి వంగుతున్నాడు. ఏమంటాడో వినాలని డేగ ప్రాణం కొట్టుకుంది. లాప్‌టాప్‌లో శాస్త్రవేత్త లాంటి మసక ఆకారం ట్రే వైపు చెయ్యి చాచింది.

డేగ పళ్ళు కొరుక్కుని ఫోను ఆపేశాడు.

బొమ్మ తేరుకుంది. చివరి గ్లాసులో పొడి కరుగుతోంది. శాస్త్రవేత్త వేళ్ళు దాని మీదే ఉన్నాయి. డేగ మైకులో “వాన వెలిసింది” అని కోడ్ మాట చెప్పాడు. వెయిటర్ తూలాడు, గ్లాసు నేలపాలైంది, తలుపు దగ్గర కాచుకున్నవాళ్ళు నాయకుణ్ణి ఉంగరంతో సహా పట్టుకున్నారు.

వ్యానెక్కుతూనే భార్య ఎవరు కనిపెట్టారని అడిగింది.

“విషాన్ని బావ కనిపెట్టాడక్కా” అన్నాడు తమ్ముడు. “బావని నా ప్రోగ్రాం కనిపెట్టింది.”