తొమ్మిది గంటల అప్‌డేట్

బ్రాంచి ఆఫీసులో ఆ చిరునామాను ఎవరూ ఫోన్‌లో చెప్పలేదు. తలుపు మూసుకుని ఇద్దరే మాట్లాడుకున్నారు. అయినా గంట తిరక్కముందే, ఆ చిరునామాలో దాక్కున్న మనిషి గుండెలో రెండు తూటాలు దిగాయి.

"గోడలకు చెవులుంటాయంటారు. అక్కడ చెవి టేబుల్ మీదే ఉంది," అన్నాడు చీఫ్. "ఆఫీసు ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చేశారు. రిసీవర్ పెట్టేసినా మైకు వింటూనే ఉంటుంది. విదేశీ ముఠా పని."

ఎదురుగా కూర్చున్న ఏజెంటును అందరూ సైలెంట్ అంటారు. అతని అక్క మొగుడు ఏడాదిగా మన గూఢచారిగా ఆ ముఠాలోనే దొంగపేరుతో ఉన్నాడు. నిన్న తప్పించుకుని ఎక్కడో తలదాచుకున్నాడు. ఆ చోటు చీఫ్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

"తొమ్మిదింపావుకి డ్రైవర్లు ఈ గదికే వస్తారు. చోటు చెప్పి పంపిస్తా. మీ బావ క్షేమంగా వచ్చేదాకా చూసుకునే పని నీది."

"మన ఫోన్లు?"

"నిన్ననే చెక్ చేశాం సార్. క్లీన్," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ టెక్నీషియన్.

సరిగ్గా తొమ్మిది. ప్రతి సోమవారం ఆ వేళకు జనరేటర్ పరీక్ష కోసం ఎలక్ట్రీషియన్ మెయిన్ స్విచ్ ఆపుతాడు. ఆపాడు. లైట్లు పోయి వచ్చాయి. టేబుల్ మీద ఫోన్ నిద్రలేచి, స్క్రీన్ మీద ఒక అంకె చూపించింది. డౌన్‌లోడ్, పన్నెండు శాతం.

"ఏంటది?" అన్నాడు సైలెంట్.

"లేవగానే, కొత్త సాఫ్ట్‌వేర్ ఉందా అని సర్వర్‌ని అడుగుతుంది సార్. ఉందంటే దింపుకుంటుంది." టెక్నీషియన్ ఫోన్ దగ్గరికి దూకాడు. "కానీ మేం కొత్తదేం పెట్టలేదు!"

"ఎవరిచ్చినా తీసేసుకుంటుందా?"

"ఫైలు మీద కంపెనీ సీల్ చూసుకోవాలి. దానికి రెండు నిమిషాలు పట్టేది. ఫోన్ లేవడం లేటైతే చీఫ్‌గారు కేకలేస్తున్నారని... ఆ తనిఖీ తీసేశాను."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

నలభై శాతం. ఈ ఫోన్లకు కరెంటూ కబురూ ఒకే తీగలో వస్తాయి. ఆ తీగలన్నీ మూడంతస్తుల కింద స్విచ్‌గదికి చేరతాయి. సైలెంట్ రెండేసి మెట్లు దూకుతూ దిగాడు.

గదిలో నెమలి ఉంది. ముఠాలో ఉంటూ రెండేళ్ళుగా మనకు రహస్యాలు అమ్మిన అందగత్తెకు ఆఫీసు పెట్టిన మారుపేరది. ఇవాళ ముఠా పని మీద వచ్చింది, ఒంటిమీద ఇంజనీరు కోటు, మెడలో పచ్చ సిల్కు స్కార్ఫు. చేతిలో అగ్గిపెట్టెంత యంత్రం. అసలు సర్వర్ కంటే ముందే ఫోన్లకు జవాబిచ్చింది అదే.

"లేటయ్యావు," అంటూ దాన్ని అతని చేతిలో పెట్టింది. "కావాలంటే ఉంచుకో. ఫైలు లోపలికి వెళ్ళిపోయింది."

గోడమీది ఫోన్‌లో అక్షరాలు మారాయి. రాస్తోంది. కరెంటు తీయవద్దు.

సైలెంట్ ఫోన్ తీగలన్నిటికీ కరెంటిచ్చే మెయిన్ ప్లగ్గు పట్టుకున్నాడు.

"పిచ్చా నీకు?" నెమలి నవ్వింది. "ఇప్పుడు పీకితే నలభై ఫోన్లూ చస్తాయి, మళ్ళీ లేవవు. మీ చీఫ్ నీ తోలు తీస్తాడు. ఈ ఆఫీసులో ఆయనకి భయపడని వాళ్ళెవరు?"

"చీఫ్ తిడితే పడతాను. అక్క ఏడిస్తే పడలేను."

తొంభై ఎనిమిది. పీకాడు.

గదిలో ఫోన్ లైన్ల దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఆమె నవ్వు కూడా. అతని వెనకే దిగి వచ్చిన గార్డులు తలుపు దగ్గర ఆమె చేతులు పట్టుకున్నారు.

పదిన్నరకల్లా బావ కారు దిగాడు. గడ్డం పెరిగి, సగానికి సగం చిక్కిపోయి ఉన్నాడు. "మీ అక్కకి చెప్పావా?" అనడిగాడు. సైలెంట్ తల అడ్డంగా ఊపి, బావను గట్టిగా కావలించుకున్నాడు.

నలభై ఫోన్లు ఎందుకు పోయాయో వెంటనే వివరణ ఇవ్వాలని చీఫ్ కబురు పంపాలనుకున్నాడు. ఫోన్ లేదు. పదిహేనేళ్ళ సర్వీసులో మొదటిసారి, ఆయనే స్వయంగా మూడంతస్తులు దిగి వచ్చి, రొప్పుతూ తిట్టాడు.