నలభై ఏడు తప్పులు

ఆ రోజు నేను ఆమెను చూడనే లేదు. నీలం గొడుగు, అందులో మూడో ఊచ విరిగి వేలాడుతుండడం, ఎడమ చెవి మీదికి జారిన తడి ముంగురులు, ఇవేవీ నా కంట పడలేదు. నేను ప్రూఫ్‌రీడర్ని. అక్షరాలు తప్ప మనుషులు నాకు కనిపించరు.

ఆమె కాగితాల కట్ట తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేసింది.

“ఇది దిద్దింది మీరేనా?”

“నేనేనండీ.” కాస్త గర్వంగానే చెప్పాను. “నలభై ఏడు తప్పులు పట్టాను. మెట్లు ఒకచోట పదమూడు, ఇంకోచోట పద్నాలుగు. కర్టెన్ ముందు ఆకుపచ్చ, తర్వాత నీలం. హీరో భార్య పుట్టుమచ్చయితే కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకి నడిచొచ్చింది! అన్నీ సరిచేశాను. థాంక్స్ అక్కర్లేదు.”

“థాంక్సా! అది సైకలాజికల్ హారర్ నవలండీ బాబూ! కథ చెప్పేవాడే భార్యని చంపేశాడు. పక్కగదిలో హాయిగా నిద్రపోతోందని చివరిదాకా మనకి అబద్ధాలు చెప్తుంటాడు. ఆ తేడాలు చూసే కదా చదివేవాళ్ళకి అనుమానం రావాలి! మీరు అవన్నీ సరిచేసి, నా హంతకుణ్ణి ఉత్తమ భర్తని చేసి కూర్చోబెట్టారు!”

ఇంత మంచి మొగుడి కథ హారర్ ఎలా అయిందా అని దిద్దుతున్నంతసేపూ నాకూ అనిపిస్తూనే ఉంది.

అరుపులు విని పిన్ని వచ్చింది. ఈ పబ్లిషింగ్ ఆఫీసు ఆమెది. నా ఉద్యోగం ఆమె దయ.

“ఐదింటికి పేజీలు వెళ్ళిపోవాలి. ఇవాళ తప్పితే ప్రెస్‌లో మెషిన్ మళ్ళీ మూణ్ణెల్లదాకా దొరకదు. చెడగొట్టింది నువ్వేగా, నువ్వే బాగుచెయ్యి,” అంది నాతో.

“మూడేళ్ళు రాశానండీ దీన్ని. నా మొదటి నవల,” అంది ఆమె. ఈసారి ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

కొట్టేసిన మాటను బతికించడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దాని కింద వరసగా చుక్కలు పెట్టి, మార్జిన్‌లో ‘ఉంచాలి’ అని రాస్తే చాలు. మా డీటీపీ ఆపరేటర్ మారుమాట్లాడకుండా ఉంచేస్తాడు.

కుర్చీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం. బయట వాన. ఆమె ఒక్కో అబద్ధాన్నీ వెతికి చూపించింది, నేను చుక్కలు పెట్టాను.

“ఇంత బాగా అబద్ధాలు ఎలా రాస్తారండీ?”

“చాలా ఈజీ. అబద్ధం చెప్పేవాడు ఎవరూ అడగని వివరాలు కూడా చెప్తాడు.”

నాలుగున్నరకి నలభయ్యోది అయింది. ఆమె ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

“పొద్దున నేనొచ్చినప్పుడు తలెత్తి కూడా చూడలేదేం? అంత పొగరా?”

“నిజంగా చూడలేదండీ. మీ గొడుగులో మూడో ఊచ విరిగిందని నాకసలు తెలీదు.”

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె గుమ్మం పక్కన మడిచి పెట్టిన గొడుగును ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడింది.

నలభై ఏడోది ఆఖరి పేజీలో ఉంది. అది కూడా అయ్యాక ఆమె మంచినీళ్ళకని లేచింది. నా చెయ్యి నా మాట వినలేదు. కథ ముగిసినచోట, కింద ఖాళీలో, ‘ఈమె అంటే నాకు ప్రాణం’ అని ఎర్ర సిరాతో రాసేసింది. గబగబా కొట్టేశాను.

“అయిందా?” పిన్ని కేక.

నేను లేచేలోపే ఆమె వచ్చి కాగితాలు అందుకుంది. ఆఖరి పేజీ దగ్గర ఆగింది. నేను కిటికీలోంచి వాన చూస్తున్నాను. కాదు, ఓరకంట ఆమెనే చూస్తున్నాను.

ఆమె నా చేతిలో పెన్ను లాక్కుంది. నేను కొట్టేసిన మాటల కింద ఒక్కో చుక్కా తీరిగ్గా పెట్టింది. మార్జిన్‌లో ‘ఉంచాలి’ అని రాసింది. కట్ట పిన్నికిచ్చేసి గొడుగు తెరిచింది.

“వస్తావా? విరిగిన ఊచ వైపు నువ్వే నడవాలి.”

పొద్దుటి నుంచీ ఉన్న ‘మీరు’ అప్పుడే ఎటు పోయిందో, నేను వెతకలేదు.

మా ఆపరేటర్ మారుమాట్లాడడని చెప్పాను కదా. పుస్తకం వచ్చింది. ఆఖరి పేజీలో, హంతకుడి మాటలు అయిపోయినచోట, నా వాక్యం నల్లటి అక్షరాల్లో నిక్షేపంలా అచ్చయి కూర్చుంది. చదివినవాళ్ళు హడలిపోయారు. “చంపి మరీ ఆ మాటంటాడా! పుస్తకం మొత్తంలో అదే పెద్ద అబద్ధం!” అని ఒకాయన ఉత్తరం రాశాడు.

పెళ్ళి మాటలకి ఆమె నాన్నగారు వచ్చినప్పుడు పిన్ని పనిగట్టుకుని ఆ ఉత్తరం చదివి వినిపించింది.

“ఆ వాక్యం మీ అమ్మాయిది కాదు అన్నయ్యగారూ, మీ అమ్మాయి గురించి వీడు రాసింది,” అంది నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి నావైపు అనుమానంగా చూశారు.

“అబద్ధమేనా బాబూ?”

ఆమె తలుపు పక్కనుంచి నన్నే చూస్తోంది.

“నిజమండీ,” అన్నాను.

అంతకుమించి ఒక్క వివరం కూడా చెప్పలేదు.