ఒక్క గోడ అవతల

"ముఠాలో మన మనిషి ఒకరున్నారు. 'ఏసీ తగ్గించండి' అన్నవాళ్ళను నమ్ము. మిగతా ఎవర్నీ నమ్మకు."

చీఫ్ చెప్పింది అంతే. సాఫ్ట్‌వేర్ మెకానిక్ వేషంలో ఏజెంట్ గోరింక విదేశీ ముఠా ఆఫీసులో అడుగుపెట్టాడు. అసలు మెకానిక్ అప్పటికే కస్టడీలో ఉన్నాడు.

బాస్ పిస్టల్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. లాప్‌టాప్ ఇటు తోశాడు.

"దొంగిలించిన ఫైల్. తెరిస్తే అన్నీ పిచ్చి అక్షరాలే. బాగు చెయ్. నోరు తెరిచావో, చచ్చావే!"

పాతకాలం కంప్యూటర్ల అక్షరాలు, గీతల గుర్తులతో గీసిన ఇంటి బొమ్మ అది. కొత్త సాఫ్ట్‌వేర్ వాటిని చదవలేక చెత్త చూపిస్తోంది. గోరింక ఆ గుర్తులను చదివే పద్ధతిని, అదే ఎన్‌కోడింగ్‌ను, మార్చాడు. గీతలు అతుక్కుని గోడలయ్యాయి, చుక్కలు నిండి గదులయ్యాయి. ఆ గదుల కింద వరుసలో ఉత్త ఖాళీలు, సరిగ్గా నాలుగో గది కింద ఒక నక్షత్రం.

గోరింక ఆ ఇంటిని గుర్తుపట్టాడు. ఈ ముఠా మీద సాక్ష్యం చెప్పబోతున్న తన సొంత అక్కను దాచిన ఇల్లది. నాలుగో గది అక్కది. మూడోది గార్డులది.

"అయిందా? మావాడు ఆ ఇంటి వరండాలో రెడీగా ఉన్నాడు. ఇటు తిప్పు!"

అక్షరాలన్నీ ఒకే వెడల్పుండే ఫాంట్‌లోనే ఈ బొమ్మ కుదురుతుంది. గోరింక చటుక్కున ఖాళీలు ఇరుకుగా ఉండే ఫాంట్ ఎంచుకున్నాడు. నక్షత్రం ఎడమకు జరిగి మూడో గది కింద ఆగింది. ఖర్మ, గోడలు కూడా కాస్త వంకరపోయాయి.

బాస్ కళ్ళు చిన్నవయ్యాయి. పిస్టల్ లేచింది.

"గోడలు వంకరేంట్రా?"

"పాత ఫైల్ సార్..."

"నా చెవిలో పువ్వు పెట్టకు!"

సోఫాలో ఊదారంగు గౌనావిడ ఇందాకట్నుంచి గోరింకను పురుగును చూసినట్టు చూస్తోంది. ఇప్పుడు విసుగ్గా లేచింది.

"గోడలు వంకరైతే నీకెందుకు, అక్కడ కాపురం పెడతావా? నక్షత్రం కనబడుతోందిగా! ముందా ఏసీ తగ్గించండి."

గోరింక ఊపిరి పీల్చుకున్నాడు. బాస్ పిస్టల్ కింద పెట్టి వైర్‌లెస్ అందుకున్నాడు.

"మూడో గది. తలుపు తన్ను!"

వైర్‌లెస్‌లో తలుపు విరిగిన చప్పుడు. వెంటనే నాలుగైదు గొంతులు. "తుపాకీ పడెయ్! చేతులెత్తు!"

బాస్ పిస్టల్ కోసం తడిమాడు. అది అప్పటికే ఊదారంగు గౌనావిడ చేతిలో ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తమ్ముడు బతికున్నాడన్న సంతోషం గొంతులో ఏ మూలా లేదు.

"చంపడానికొచ్చినవాణ్ణి నాకు ఒక్క గోడ అవతలికి పంపిస్తావా? ఇంకాస్త దూరం పంపితే నీ సొమ్మేం పోయిందిరా?"

"ఆ ఫాంట్ అంతకంటే జరగదక్కా."