ఊపిరి దేవిడిల కంప్యూటర్

పురానాపూల్ దాటి మూసీ దిక్కు దిగే గల్లీల ఒక పాత దేవిడి, నవాబుల నాటి పెద్ద బంగ్లా, ఉండె. పొద్దుమూకినంక దాని ముంగట నుంచి ఎవలు పోయేటోళ్లు కాదు. ఆటోవాలాలు మూల మలుపు కాడనే దించేటోళ్లు. ఇంకొంచెం ముంగటికి రమ్మంటే తల అడ్డంగ ఊపేటోళ్లు.

ఎందుకంటే ఆ దేవిడి ఊపిరి తీసేది.

నవ్వకున్రి. చీకటి పడ్డంక పెద్ద హాలు నడుమ నిలబడితే, కాళ్ల కాడ నుంచి ఎవలో నిట్టూర్చినట్టు... హూ... అని పొడుగ్గ, సల్లగ ఒక గాలి. తర్వాత అంతా నిశ్శబ్దం. మళ్ల కొంచెం సేపటికి — హూ... ఒక ఎండకాలం సున్నమేసే మేస్త్రి ఒకడు, సల్లగుంటదని ఆ బండల మీద చెవి ఆనించి పన్నడంట. నడిరాత్రి లేచి, చెప్పులు ఆడనే ఇడిసి ఉరికిండు. మూడు దినాలు వాని నోట మాట రాలే.

ఎనభై మూడుల ఒక సర్కారు కార్పొరేషను — పేరు మనకెందుకు — తన బిల్లుల కంప్యూటర్ పెట్టనీకి, ఊరంత ఇడిసిపెట్టి ఆ దేవిడినే కిరాయికి తీసుకున్నది.

ఈ పనంతటికి పెద్ద పురుషోత్తం సారు. మద్రాసుల ఆరు నెలలు ట్రైనింగు చేసొచ్చిండు. వచ్చిన కాడికెంచి మనుషులతోని మాట్లాడుడు తక్కువ, చార్టుతోని మాట్లాడుడు ఎక్కువ. గోడంత కాయితం అది. దాని మీద ఎర్ర గీతలు, నీలి గీతలు. ఏసీ ఏ తారీకు, వైర్లు ఏ తారీకు, మిషన్ ఏ తారీకు, రిబ్బన్ కోసే పెద్దమనిషి ఏ తారీకు — అన్నీ అండ్లనే. మనుషులకు పేర్లు లేవు. ఒక్కొక్కనికి ఒక సున్న గీసి అండ్ల నంబరేసిండు.

ఏడో నంబరు ఇశ్రాయేలు. ఛత్రినాకల ఉండే వైర్‌మన్, ఇరవై ఏండ్ల సర్వీసు. బాప్తిస్మం తీసుకున్నోన్ని దయ్యం ముట్టదని ఆయన నమ్మకం. దయ్యాల కంటె ఆయనకు ఆ చార్టును చూస్తెనే ఒళ్లు మండేది.

మంగళవారం నాడు హెడ్డాఫీసుకు పోయి చెప్పిండు. "సార్, పొద్దుమూకితే కూలీలు ఆ జాగల ఉంటలేరు. పని ఎనకబడ్డది. రెండు దినాలు జరుపున్రి."

సారు చార్టు మీదికెంచి కండ్లు తీయలే. "ఇదిగో, మీలాంటి వాళ్లవల్లే ఈ దేశం ఇలా ఉంది. గురువారం పొద్దున ట్రక్కు వస్తుంది. అప్పటికి ఎర్తింగ్ లేకపోతే నీ మీద మెమో ఉంటుంది."

"ఒక్కసారి మీరొచ్చి సూస్తే..."

"నేను ప్లాన్ చేసే మనిషినయ్యా. తవ్వే మనిషిని కాదు."

ఇశ్రాయేలు బయటికొచ్చి మెట్ల మీద ఉమ్మేసిండు.

ఎర్తింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. మిషన్‌ల కరెంటు అటిటు అయితే భూమిల కలిసిపోవాలె. దానికోసం లోతుగ ఒక ఇనుప పైపు దింపాలె. చార్టుల హాలు గోడను బయటి దిక్కు ఆనుకొని ఒక గుర్తు పెట్టి ఉన్నది — ఈడ తవ్వాలె అని. బుధవారం పొద్దంతా గుండయ్య అక్కడ గుంత తవ్విండు. గుండయ్య ఇశ్రాయేలు కంటె పెద్దోడు, ఎన్నో ఏండ్ల నుంచి జోడు.

సాయంత్రం గుండయ్య పైకొచ్చి గడ్డపార పక్కకు పెట్టిండు.

"తమ్మీ... కింద దెబ్బ ఏస్తే మోగుతున్నది."

"మోగనియ్ అన్నా."

"మట్టి మోగదు తమ్మీ." గొంతు తగ్గించిండు. "కింద ఎవలో వింటున్నట్టున్నది. పైపు రేపు పొద్దున దింపుదాం. నా మాట ఇను."

"రేపు పొద్దున ట్రక్కొస్తది. నువ్వు ఇంటికి పో."

గుండయ్య పోయిండు. గల్లీల దీపాలు వెలిగినయ్. యాడనో దుకాణం షట్టరు దించిన సప్పుడు. ఇశ్రాయేలు వైరు గుంజి ఒక బల్బు వేలాడదీసుకొని, ఛాతీ లోతు గుంతల దిగిండు. పైపు నిలబెట్టి సుత్తె ఎత్తిండు.

ఠంగ్.

లోపటికెంచి... ఠంగ్.

గోడకు తాకి మళ్లొచ్చిందనుకున్నడు. ఇంకోటి కొట్టిండు. జవాబొచ్చింది. అయితే అది గోడకెంచి రాలే — హాలు కిందికెంచి వచ్చింది. కొంచెం ఆలస్యంగ... ఆలోచించుకొని కొట్టినట్టు.

అప్పుడు — హూ...

సల్లటి గాలి ఆయన కాళ్ల సందుల లేచి పంట్లాం లోపలికి పాకింది. పాత తడి మట్టి వాసన. బల్బు ఊగింది. గోడ మీద ఆయన నీడ ఇటు పోయింది... అటు పోయింది...

ఇశ్రాయేలు మెడల సిలువ పట్టుకొని యేసయ్యను తలుసుకున్నడు. ఆ ఎంబడే పురుషోత్తంను తిట్టిండు. రెండిట్ల ఏది ఎక్కువ ధైర్యమిచ్చిందో తర్వాత గూడ ఎన్నడు చెప్పలే. పండ్లు బిగబట్టి దనదన కొట్టవట్టిండు. కిందికెంచి గూడ దనదన...

పన్నెండో దెబ్బకు పైపు పోయింది.

జారలే. గుంజుకున్నట్టు పోయింది — కిందికెంచి ఎవలో పట్టి లాగినట్టు. అంత పొడుగు ఇనుప పైపు, రెప్ప కొట్టేలోపల లేదు. చేతిల సుత్తె ఒక్కటే మిగిలింది.

సప్పుడు లేదు.

ఇంకా లేదు...

అటెనక, ఎంతో లోతుల నుంచి — బుడుంగు.

ఇశ్రాయేలు గుంతలకెంచి ఎట్ల ఎక్కిండో ఆయనకే యాదికి లేదు. ఎదురింటి వాకిట్ల చంద్రమ్మ కూసోని ఉన్నది. డెబ్బై ఏండ్ల ముసలామె, పుట్టి బుద్ధెరిగిన సంది ఆ గల్లీలనే ఉన్నది. పోయి ఆమె ముంగట కూలబడ్డడు.

"అవ్వా... కింద ఎవలో... పైపు గుంజుకున్నరు."

"ఏడ తవ్వినవ్ కొడకా?"

"హాలు గోడ కాడ."

చంద్రమ్మ తమలపాకు నములుడు ఆపింది. "అది బావి గదా."

ఇశ్రాయేలు తిరిగి దేవిడి దిక్కు సూసిండు.

"సగం హాలు దాని మీదనే ఉన్నది. మా అమ్మ అండ్ల నీళ్లు చేదింది. మూసీ వరదొచ్చి పోయినంక బండలు పరిచి, గోడ బయటి దిక్కు మట్టి కప్పి, లోపటి దిక్కు హాలు పొడిగించుకున్నరు. రాత్రి సల్లబడంగనే లోపటి గాలి సందులకెంచి ఎల్తది. గంతే."

"మరి అందరు దయ్యమంటరు గదా."

"అననీ. నన్నెవలడిగిన్రు? మీ ఆఫీసోళ్లు ఒక్కలన్న అచ్చి అడిగిన్రా? నేను దినాం ఈడనే కూసుంట."

ఇశ్రాయేలుకు దయ్యం భయం దిగింది. దాని జాగల ఇంకో భయం ఎక్కింది. పొద్దున వచ్చే మిషన్ ఏడు క్వింటాళ్ల పైన బరువు. తాళ్లు పట్టి దాన్ని హాలు నడుమకు తెచ్చేది ఆరుగురు హమాలీలు. ముంగట తాడు పట్టేది గుండయ్య. తెల్లారే దాక ఇశ్రాయేలు దేవిడి గడప ఇడిసి కదలలే.

ట్రక్కొచ్చింది. దాని ఎనక జీపుల పురుషోత్తం, సంకల చుట్టిన చార్టు.

"ఎర్తింగ్ అయిందా?"

"పైపు బావిల పడ్డది సార్."

"ఏ బావి?"

"మీ మిషన్ కింద ఉన్నది."

సారు నవ్విండు. ఫైల్ తెరిచి ఒక కాయితం చూపెట్టిండు. "సైటు తనిఖీ రిపోర్టు ఉందయ్యా. నేల గట్టిది. ఆవరణలో బావులు, గోతులు లేవు. సంతకంతో సహా."

ఇశ్రాయేలు చూసిండు. సంతకం పురుషోత్తందే.

"మార్చి రెండో తారీకు అని ఉన్నది సార్. మార్చిల మీరు మద్రాసుల ఉంటిరి గదా."

సారు కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "దింపండి," అన్నడు హమాలీలతోని.

గుండయ్య తాడు అందుకున్నడు. ఇశ్రాయేలు గడ్డపార తీసుకొని హాలు నడుమ, మిషన్ కోసం సుద్దతోని గీసిన గడి కాడికి పోయి ఒక బండ సందుల గుచ్చి లేపిండు. కింద నల్లగ సందు. ఒక ఇటుక తీసి అండ్ల ఇడిసిండు.

అందరు చెవులు పెట్టిన్రు.

...బుడుంగు.

ఆ సందుకెంచి సల్లటి గాలి లేచి సారు కాళ్లకు తాకింది. హూ... ప్లాన్ చేసే మనిషి ఎగిరి గడప అవతల పడ్డడు. చార్టు ఇవతల పడ్డది. గుండయ్య తాడు నేల మీద పెట్టి, ఇశ్రాయేలు పక్కకొచ్చి నిలబడ్డడు.

మిషన్ అదే ట్రక్కుల తిరిగి పోయింది. పదకొండు వారాలకు హెడ్డాఫీసులనే కింది అంతస్తుల ఒక అర్రల పెట్టిన్రు. ఆ అర్ర మొదటికెంచి ఖాళీగనే ఉండెనంట. రిబ్బన్ కోసిన నాడు పురుషోత్తం మెడల దండ గూడ పడ్డది.

ఆ తర్వాత ఆలస్యం మీద సారు రాసిన రిపోర్టు నకలు కరెంటు సెక్షన్‌కు వచ్చింది. చదువురాని గుండయ్య కోసం ఇశ్రాయేలు పైకి చదివిండు.

"దేవిడీలో దయ్యం ఉన్నదని క్షేత్రస్థాయి సిబ్బందిలో నెలకొన్న భయం కారణంగా యంత్ర స్థాపన పదకొండు వారాలు ఆలస్యమైనది."

గుండయ్య కాయితం దిక్కు వంగిండు. "బావి సంగతి ఏం రాసిండు?"

ఇశ్రాయేలు కాయితం తిప్పి ఎనక సూసిండు. మళ్ల ముంగట సూసిండు.

"బావి లేదన్నా," అన్నడు. "దయ్యమే ఉన్నది."