నూటికి నూరు శాతం దేశం

షాలిమార్ గూడ్స్ యార్డులో ఏజెంట్ ప్రవీణ్ కుమార్ శవం దొరికిన రోజే, భవానీపూర్‌లో మిఠాయి దుకాణం మీది గదిలో చీఫ్ పట్టాభి బెంగాలీ మిఠాయి సందేశ్ నములుతూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. మనిషి పోయినా ఆయన ఆకలి పోలేదు.

"మన చుట్టుపక్కల దేశాల్లో జనానికి వైద్యం ఎంత అందుతోందో పోల్చే సదస్సు ఇవాళే. నిజానికి పొరుగు ద్వీపదేశం అట్టడుగున ఉండాలి. ఒక విదేశీ ముఠా దొంగ లెక్కలతో దాన్ని మొదటి స్థానానికి ఎక్కిస్తోంది."

"ఎక్కిస్తే ఆళ్లకేటి లాభం సార్?" అడిగింది ఏజెంట్ జెరూషా.

"అందరికీ అన్నీ అందుతున్నాయని తేలితే అక్కడికి ఉచిత పోలియో మందు ఆపేస్తారు. తర్వాత ముఠా తన మందు అమ్ముకుంటుంది. ప్రవీణ్ పసిగట్టాడు, పోయాడు. లోపల మన మనిషి చిన్మయి ఉంది. ముఠాలో చేరినట్టు నటిస్తోంది."

జెరూషా చెల్లెలు గ్రేసీ ఆ ద్వీపంలోనే నర్సు. మందు ఆలస్యమై ఇద్దరు పిల్లల కాళ్లు చచ్చుబడ్డాయని మొన్ననే ఫోన్లో ఏడ్చింది. ఇక మందే రాకపోతే?

ఏక్‌బాల్‌పూర్‌లో ఇంటింటికీ తిరిగి చుక్కలమందు వేసే ఆరోగ్య కార్యకర్త వేషం జెరూషాకు ఏడాదిగా అలవాటే. అదే చీర, అదే ఐస్ డబ్బా, ముక్కు మీద కెమెరా కళ్లజోడు. సదస్సు హాల్లో ఆమెను, ఫోటోలకు పనికొస్తారని పిలిచిన కార్యకర్తల వరుసలో కూర్చోబెట్టారు. నిపుణులు ఏసీ చలికి శాలువాలు కప్పుకుని పేదల గురించి బెంగపడుతున్నారు. వీళ్లలో ఒక్కడైనా ధర్మాసుపత్రి క్యూలో నిలబడిన పాపాన పోయాడా?

నెమలికంఠం పట్టుచీరలో చిన్మయి వచ్చి పక్కన కూర్చుంది.

"గోదావరిలో పులస పడిందా?" జెరూషా కోడ్ గొణిగింది.

"హుగ్లీలో ఇలిష్ పడింది," చిన్మయి పులసకు బెంగాలీ పేరు వాడి జవాబు కోడ్ చెప్పి నవ్వింది. "గాబరా పడకు. ద్వీపమంతా నేనే తిరిగి చూశాను. ప్రతి బిడ్డకూ మందు పడింది. ప్రవీణే పొరబడ్డాడు, పాపం."

చిన్మయి వేదికెక్కి స్లయిడ్ వేసింది. బోసినవ్వుల పసిపిల్లలు, తల్లులు పైకెత్తి చూపిస్తున్న పిల్లల చేతులు, వేళ్లకు సిరా గుర్తులు. హాలంతా చప్పట్లు. సదస్సు అధ్యక్షురాలు వసుధ ర్యాంకులు ఖరారు చేసే బటన్ మీదికి వేలు చాచింది.

జెరూషా కళ్లజోడుతో జూమ్ చేసి చూసింది. ఒళ్లు మండిపోయింది.

"ఆగండి మేడమ్. చుక్కలమందు ఏస్తే సిరా ఎట్టేది ఎడమ చిటికెన ఏలికి. ఈళ్లందరికీ చూపుడు ఏలికుంది. ఏటమ్మా చిన్మయీ, పాలు తాగే పిల్లల సేత ఓట్లేయించీసినావేటి?"

చిన్మయి మొహం పాలిపోయింది. మరుక్షణం ఆమె చేతిలో లిప్‌స్టిక్, దాని కొసన విషపు సూది. బెదిరించి బటన్ నొక్కించడానికి అది వసుధ మెడను చేరేలోపే జెరూషా విసిరిన ఐస్ డబ్బా చిన్మయి మణికట్టుకు తగిలింది. సూది కింద పడింది. వసుధ వేలు బటన్‌కు అంగుళం దూరంలో ఆగిపోయింది.

"మనిషిని సంపడానికి తెలివుంది గానీ, బిడ్డ ఏలు పట్టుకోడం తెలీదు. సిగ్గునేని బతుకు," అంది జెరూషా, చిన్మయి చేతులు వెనక్కి విరిచి కడుతూ.

ద్వీపం అట్టడుగుకు దిగింది. గ్రేసీ ఊరికి మందు పడవ ఆ సాయంత్రమే కదిలింది. ప్రపంచాన్ని ఉద్ధరించే నిపుణులు మాత్రం, ఇక్కడి బిర్యానీలో తప్పక ఉండే బంగాళాదుంప రాలేదని హోటల్ వాళ్ల మీద విచారణ సంఘం వేశారు.