ఒకటి దగ్గర ఆగే లెక్క

మా ఆఫీసు నాలుగో అంతస్తులో, మెట్ల పక్క గదిలో, మూల కుర్చీ ఒకటుంది. అందులో ఎవరూ కూర్చోరు. పట్టపగలు కూడా దాని మీద సంచి పెట్టడానికి జంకుతారు. ముందున్న టేబుల్ మీద ఒక హెడ్‌ఫోన్... దుమ్ము పట్టిపోయి.

అంబులెన్సు కోసం జనం ఫోన్ చేస్తారే, ఆ ఫోన్లు అందుకుని ఆపరేటర్లకు పంపే సాఫ్ట్‌వేర్ మాది. నడిచేది ఎక్కడో క్లౌడ్‌లో. క్షణం కూడా ఆగకూడదు. అందుకే కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతదాన్ని ఆపం. పక్కనే కొత్తదాన్ని లేపి, వచ్చే ఫోన్లన్నీ అటు మళ్లిస్తాం. పాతదాంట్లో ఉన్నవాళ్ల మాటలు పూర్తయి, లెక్క సున్నాకు వచ్చాకే దాన్ని ఆర్పేస్తాం. ఎవరైనా అందులోనే చిక్కుకుపోతే— ఆ మూల కుర్చీలో కూర్చుని మనమే పలకాలి.

కానీ లెక్క సున్నాకు వచ్చేది కాదు. ఎప్పుడూ ఒకటి దగ్గర ఆగేది.

అది ఆవిడేనంటారు. వెనకటికి ఒక రాత్రి సర్వీసును రెండు నిమిషాలు ఆపి అప్‌డేట్ చేశారట. ఆ రెండు నిమిషాల్లోనే ఒకావిడ ఫోన్ తెగిందట, ప్రాణమూ పోయిందట. అప్పట్నుంచీ ప్రతిసారీ లైన్లోనే ఉంటోందట. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే... ఆయాసం వినిపిస్తుందట.

అందుకని పది నిమిషాలు చూసి, పాతదాన్ని ఆర్పే బటన్ నొక్కేసి ఇంటికి పోవడం మాకు అలవాటైపోయింది.

ఇక తొందర అనే మా కుర్రాడి సంగతి. టీ కూడా నిలబడే తాగుతాడని వాడికి ఆ పేరు పెట్టాం. తల్లి లేని పిల్లాణ్ని అక్క పెంచింది, బట్టలు కుట్టి చదివించింది. ఇంట్లో ఇద్దరే. ఆవిడకు ఉబ్బసం. ఆ రాత్రి అప్‌డేట్ వాడి వంతు.

"అక్క ఇన్‌హేలర్ అయిపోవచ్చిందన్నా. కొత్తది కొన్నాను," అని సంచి తట్టి చూపించాడు. "పని ముగించి పరిగెత్తాలి."

నేను ఇంటికి వెళ్లిపోయాను. ఆ తర్వాతది వాడు చెప్పగా విన్నదే.

రెండింటికి మొదలుపెట్టాడు. రూలు ప్రకారం సెల్‌ఫోన్ పెట్టెలో పడేశాడు. పాతదాంట్లో నలభై మంది. ఇరవై. ఆరు. రెండు...

ఒకటి.

ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఐదు నిమిషాలు... ఏడు... అంకె కదల్లేదు.

ఏమనిపించిందో— లేచి మూల కుర్చీ దాకా వెళ్లాడు. కూర్చోలేదు. హెడ్‌ఫోన్ తీసి చెవికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు.

సన్నగా... ఈల వేసినట్టు... ఊపిరి. ఆగింది. మళ్లీ.

"ఎవ... ఎవరు?" అన్నాడు గుసగుసగా.

మాట కోసం తన్నుకులాడుతున్న ఊపిరి... ఇంకా పెద్దదైంది.

వాడు హెడ్‌ఫోన్ విసిరేసి, ఎనిమిదో నిమిషంలోనే బటన్ నొక్కేశాడు.

సున్నా.

పెట్టె తెరిస్తే సెల్‌ఫోన్లో మూడు మిస్డ్ కాల్స్. మూడూ అక్కవే.

ఇంటికి వెళ్లేసరికి ఆవిడ వంటగది గడప దగ్గర పడి ఉంది, ఫోన్ చేతిలోనే. మళ్లీ చేయడానికి ఊపిరి ఉంటే కదా. చివరి ఫోన్ ఎన్నింటికి చేసిందో చూడటానికి వాడికి ధైర్యం చాల్లేదు.

నేను చూశాను. ఆఫీసు రికార్డులో. ఆ రాత్రి మిగిలిన ఒకటి ఎవరి నంబరో నాకు తెలుసు.

ఇంకో సంగతి కూడా తెలుసు. ఫోన్ తెగి చనిపోయిన ఆవిడంటూ ఎవరూ లేరు. ఆ రెండు నిమిషాలూ లేవు. ఆ కథ కట్టింది నేనే. ఫోన్లు లెక్కపెట్టే ప్రోగ్రాం నేను రాసిందే. అది ఎప్పుడూ ఒకటి ఎక్కువ చూపించేది. తప్పు ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి దెయ్యం మీదికి తోసేశాను. ఆ రాత్రికి ముందు పెట్టిన వెర్షన్‌లోనే గుట్టుచప్పుడు కాకుండా దాన్ని దిద్దాను. ఎవరికీ చెప్పలేదు. కాబట్టి ఆ రాత్రి ఒకటి అంటే... నిజంగా ఒక మనిషే.

తిరిగి డ్యూటీకి వచ్చిన రోజు, తొందర నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"అన్నా... ఆ లైన్లో ఊపిరి అచ్చం మా అక్కదిలాగే ఉంది. దెయ్యాలు మనవాళ్లలాగా ఊపిరి తీస్తాయా?"

"తీస్తాయిరా," అన్నాను.

వాడు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. బతికించావన్నా, అన్నాడు.

ఇప్పుడు చాలా రాత్రులు లెక్క సున్నాకే వస్తోంది. దెయ్యం వదిలిందని అందరికీ సంతోషం. ఎప్పుడైనా ఒకటి మిగిలితే, మళ్లీ వచ్చిందని నొక్కేస్తున్నారు. నాకు నోరు పెగలడం లేదు.

నిన్న రాత్రి తొందర వంతు. ఒకటి మిగిలిందట. ఈసారి వాడు ఐదు నిమిషాలు కూడా ఆగలేదట.