చెవులు మూసుకునే చోటు

సీతారామపురం నుంచి ఉదయగిరి పోయే దారిలో ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు నా మీదికి వస్తారు. ఆ ఊరి బయట, మెట్టచేల మొదట్లో, పాడుబడిన మోటారు కొట్టం ఒకటుంది. రేకులు ఎగిరిపోయాయి. తలుపు లేదు. మోటారు ఊడబెరికిన చోట నేలలోంచి జానెడు పైకి ఒక పైపు మూతి మాత్రం తేలి ఉంటుంది.

చీకటి పడ్డాక ఆ పైపు మాట్లాడేదట...

ఏం మాట్లాడేదని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయేవాళ్లు. విన్నవాడెవడు గనక? అటుగా పోవాల్సి వస్తే ఆడవాళ్లు కొంగుతో, మగవాళ్లు తువ్వాలుతో చెవులు బిగించి కట్టుకునేవాళ్లు. కుర్రాళ్లు సెల్లులో పాట పెద్దగా పెట్టుకుని బండి ఉరికించేవాళ్లు. ఆ మాట చెవిన పడితే దెయ్యం వెంట వస్తుందని ఊరి పెద్దలు కట్టుబాటు చేశారు.

పెద్దలు! వాళ్ల పెద్దరికం మండిపోను.

అసలు సంగతి ఇది. పంచాయతీ ఎలక్షన్లతో ఊరు రెండుగా చీలింది. మీదివీధికి రాజమోహన్ పెద్ద. కిందివీధికి కిరాణా అంగడి కోటిలింగం పెద్ద. ఉన్నది ఒక్క బోరు, ఒక్క వాల్వు. నీళ్లు ముందు ఏ వీధికి వదలాలని ఒకనాటి రాత్రి కొట్టం దగ్గర కర్రలు లేచాయి. అప్పుడు రాజమోహన్ బామ్మర్ది అంకారావు మధ్యలో దూరాడు. "కొట్టుకోబాకండి! రెండు వీధులకీ నేనే వదలతా" అంటూ వాల్వు మీదికి వంగాడు. తిప్పి, లేచి నిలబడ్డాడు.

చీకట్లోంచి ఒక రాయి వచ్చింది...

చెవి వెనక తగిలింది. ఉదయగిరి చేరేలోగా ప్రాణం పోయింది.

ఎవరు విసిరారు? కిందివీధివాళ్లని మీదివీధి, మీదివీధివాళ్లని కిందివీధి. పోలీసులు వస్తే మాత్రం ఎవరూ చూడలేదు. కచ్చ కొద్దీ ఒకరు మోటారు ఊడబెరికారు, ఇంకొకరు వాల్వు విరగ్గొట్టారు. ఇప్పుడు రెండు వీధులూ ట్యాంకరు ముందు బిందెలు పట్టుకుని నిలబడుతున్నాయి. సిగ్గు లేని ఊరు. పైపులు ఎండిపోయాయి. ఎండిన కొన్నాళ్లకే కొట్టంలో గొంతు మొదలైంది.

అంకారావు అక్క మాలకొండమ్మ. రాజమోహన్ భార్య. ఆమెకి ఆ గొంతంటే భయం లేదు. చెవులు మూసుకునే ఊరంటే ఒళ్లు మంట. తమ్ముణ్ణి చంపిందెవరో తెలియకుండా ఆమెకి ముద్ద దిగడం లేదు. పట్టపగలు నడివీధిలో నిలబడి అరిచేసింది.

"నా తమ్ముడు నోరు తెరిచి చెప్పుకుంటా ఉంటే చెవుల్లో గుడ్డలు కుక్కుకుంటారంట్రా! మీరు మనుషులేనా?"

ఆ సాయంత్రమే రాజమోహన్ కొట్టం పక్క కరెంటు స్తంభానికి హారను కట్టించాడు. భజన మందిరంలో మైకుసెట్టు పెట్టి, పొద్దు గూకింది మొదలు పాటలు. కోటిలింగం తన వంతుగా రెండో హారను పంపించాడు. ఎలక్షన్ల తర్వాత రెండు వీధులూ కలిసి చేసిన పని ఇదొక్కటే. నీళ్లకు కలవని చేతులు, ఒక గొంతు వినపడకుండా చేయడానికి కలిశాయి.

"ఎందుకయ్యా ఈ మోత?" అని మాలకొండమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"దెయ్యం గోల పడలేక."

"దెయ్యం గాదు. నా తమ్ముడు."

"చచ్చినోళ్ల మాట ఇంటే ఇంటికి చేటే. ఇనబాక" అన్నాడు. ఆమె ముఖం వైపు చూడకుండానే అన్నాడు.

ఇక ఆమె వల్ల కాలేదు. ఒక రాత్రి, ఊరంతా అన్నాల దగ్గర కూర్చున్న వేళ, భజన మందిరంలోకి నడిచి వెళ్లి ప్లగ్గు లాగి పారేసింది.

పాట తెగిపోయింది...

ఆ నిశ్శబ్దానికే ఊరు హడలిపోయింది. తలుపులు ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. గడియలు బిగిశాయి. మాలకొండమ్మ కొంగు నడుముకి దోపుకుని, రెండు చెవులూ గాలికి వదిలేసి, చీకట్లో కొట్టం దారి పట్టింది.

పైపు పక్కన చతికిలబడి చెవి ఆనించింది.

ఏమీ లేదు. ఆమె కోపమే ఆమెకి హోరుమని వినపడుతోంది. కోటిలింగాన్ని తిట్టింది, పోలీసుల్ని తిట్టింది, ఊరి మొత్తాన్నీ పేరుపేరునా తిట్టింది. తిడుతూ ఉంటే ఇంకేం వినపడుతుంది?

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. మర్రిపాడు పక్క మెట్ట సేద్యం ఆయనది. కరెంటు వచ్చే రాత్రుల్లో బోరు పైపుకి చెవి పెట్టి, నీళ్లు వస్తున్నాయో గాలి పీలుస్తోందో చెప్పేవాడు. దేవుడి పటానికి దండం పెట్టడమైనా మరిచేవాడు గాని, పైపు దగ్గర కళ్లు మూసుకుని కూర్చోవడం మాత్రం మరిచేవాడు కాదు. అదే ఆయన పూజ. "ముందు నీ గోల ఆపాల. తర్వాత పురుగుల చప్పుడు పోనీయాల. తర్వాత నీ గుండె చప్పుడు. అన్నీ పొయ్యినాక మిగిలేదే నీకు కావాల్సింది" అని పిల్లలిద్దరికీ నేర్పాడు. నీళ్లు లేని ఎండాకాలం ఆ పిల్లలు ఉత్త పైపుకి చెరో కొసనా కూర్చునేవాళ్లు. అటు కొస నుంచి అంకారావు గుసగుసగా అడిగేవాడు... "అక్కా, ఇనపడతా ఉందా?"

కళ్లు మూసుకుంది. కోపాన్ని పోనిచ్చింది. అది మొండిది, మళ్లీ మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా పోనిచ్చింది. కీచురాళ్లు పోయాయి. రేకుల కిరకిర పోయింది. గుండె చప్పుడు కూడా దూరమైపోయింది.

అప్పుడు... అడుగునించి...

"...నేను ఏసింది నీకు గాదు రా..."

ఆమె కదల్లేదు.

"...కోటిలింగానికి ఏసినాను... నువ్వు లేసి నిలబడితివి... ఎందుకు లేసినావు రా..."

తర్వాత ఒక దగ్గు. రెండు పొడి దగ్గులు, వెంటనే ఒక నిట్టూర్పు. ఆ దగ్గు ఆమెకి తెలుసు. పెళ్లయిన నాటి నుంచి పక్క మంచం మీద వింటున్న దగ్గు అది. ఈ పైపు రెండో కొస ఎక్కడుందో కూడా తెలుసు. ఊళ్లో మొట్టమొదటి కుళాయి పెద్దమనిషి గనక రాజమోహన్ తన పెరట్లోనే పెట్టించుకున్నాడు. చుట్ట కాల్చుకుంటానని రోజూ రాత్రి అన్నం తిని వెళ్లేది ఆ పెరట్లోకే.

"...నువ్వు కొట్టంలో మాట్లాడతా ఉండావంట గదా... నా పేరు చెప్పబాక రా అంకా... మీ అక్కకి చెప్పబాక..."

ఊరు భయపడింది ఇతని గొంతుకే. ఇతను భయపడుతున్నదీ తన గొంతుకే. ఆ సంగతి అతనికే తెలియదు.

మాలకొండమ్మ చేతికి పక్కనే ఒక రాయి తగిలింది. పట్టుకుంది. గట్టిగా అరిచి, ఈ రాయితో పైపు పగలగొట్టాలనిపించింది. అరిస్తే అక్కడ నోరు మూతపడుతుంది. మూతపడితే ఇక ఎప్పటికీ తెరుచుకోదు. పళ్లు బిగించి, చెవి ఎత్తకుండా విన్నది. తమ్ముడి చావుని, చంపినవాడి నోటి నుంచి, మొదటి నుంచి చివరిదాకా విన్నది. అంత కష్టమైన పని ఆమె బతుకులో చేయలేదు.

మాటలు ఆగి ఏడుపు మొదలైంది. అప్పుడామె పైపుకి నోరు ఆనించి, మెల్లగా రెండే మాటలు అంది.

"ఇంకా చెప్పు."

అటు కొసన ఏదో దబ్బున పడింది.

ఇంటికి వచ్చేసరికి రాజమోహన్ పెరట్లో, కుళాయి కింద, మట్టిలో పడి ఉన్నాడు.

"వాడు... వాడు పలికినాడే..."

"ఎవురు?"

"అంకారావు. 'బావా, ఇంకా చెప్పు' అన్నాడు..."

ఆమె అతని మణికట్టు పట్టుకుని లేపింది.

"చెప్పమన్నాడు గదా. పద. చెబుదువు."

"యాడికి?"

"నువ్వు పెట్టించిన మైకు కాడికి."

"ఊరు ఊరుకుంటదా? కోటిలింగం మనుషులు నన్ను బతకనిస్తారా?"

"నేను బతకనిస్తానో లేదో ముందు అది చూసుకో" అంది మాలకొండమ్మ.

భజన మందిరంలో ప్లగ్గు పెట్టింది. పాట పెట్టలేదు. మైకు తన నోటి దగ్గర పెట్టుకుని ఒక్కటే చెప్పింది. "తలుపులు తియ్యండి. ఈ రాత్రి ఎవురూ చెవులు మూసుకోబాకండి." తర్వాత దాన్ని మొగుడి చేతిలో పెట్టింది.

మోటారు కొట్టం పక్క స్తంభం మీంచి, రెండు హారన్లలోంచి, ఆ గొంతు ఊరి మీద పడింది. రెండు వీధులవాళ్లూ గడపల్లో నిలబడి విన్నారు. తువ్వాలు కట్టుకున్నా ఆ గొంతు ఎప్పుడో ఒకప్పుడు అందరి చెవినా పడే ఉంది. అందుకే గుర్తుపట్టారు. ఒక్కొక్కరి తలా వాలిపోయింది. తెల్లారి పోలీసు జీపు వచ్చినప్పుడు, మేం చూడలేదని ఎవరూ అనలేదు.

మాలకొండమ్మ ఇప్పటికీ చీకటి పడ్డాక కొట్టానికి వెళ్తుంది. పైపుకి చెవి పెట్టి కూర్చుంటుంది. పెరట్లో ఇప్పుడు మాట్లాడేవాళ్లెవరూ లేరు కదమ్మా, ఇంకా ఏం వింటావని ఎవరో అడిగారట.

ఆ రాత్రి ఆమె పైపులో అన్నవి రెండే మాటలు. "ఇంకా చెప్పు" అంది, అంతే. రాజమోహన్‌కి వినపడినవి మూడు.

"బావా" అని ఆమె అనలేదు.